మిమీ కంటే ముందు నేనే దగ్గాను

అమెరికాలో మేముండే ఊళ్లో ఓ చిన్న ఆపెరా బృందం ఉంది. ఆపెరా అంటే కథంతా పాటల్లోనే నడిచే నాటకం. పగలంతా పంతుళ్లు, పళ్ల డాక్టర్లు. ఏడాదికోసారి స్కూల్ ఆడిటోరియం అద్దెకు తీసుకుని పాడతారు. ఈసారి ఇటలీ స్వరకర్త పుచ్చిని కట్టిన 'లా బొయెమ్', 1896లో టూరిన్‌లో మొదటిసారి ఆడింది. పారిస్‌లో చలికి వణికే పేద కవి రొడాల్ఫో, బట్టల మీద పూలు కుట్టుకుని బతికే మిమీ, ప్రేమ, క్షయ, చావు. మన పాత సినిమాల్లో దగ్గి రుమాలు చూసుకుంటే రక్తం ఉంటుందే, ఆ కుటుంబమే.

నాకేమో వారం నుంచీ పొడిదగ్గు. టికెట్లు దండగవుతాయని మా ఆవిడ మిరియాల కషాయం పట్టించి మరీ తీసుకెళ్లింది.

మొదటి అంకంలో కొవ్వొత్తి ఆరిపోవడం, చీకట్లో ఇద్దరూ తాళంచెవి కోసం నేల తడమడం, అది దొరికినా రొడాల్ఫో జేబులో దాచేసి ఆమె చెయ్యి పట్టుకుని పాట ఎత్తుకోవడం, అన్నీ బాగానే జరిగాయి. చావబోతూ అంతసేపు పాడతారేమిటని కొందరు నవ్వుతారు గానీ, కాటిసీనులో హరిశ్చంద్రుడి చేత వన్స్‌మోర్ కొట్టి పద్యాలు మళ్లీ మళ్లీ పాడించుకున్నవాళ్లం, మనకేం వింత?

మూడో అంకం, తెల్లవారుజాము. పైనుంచి ఎవరో కాగితం మంచు చల్లుతున్నారు, మధ్యమధ్యలో గుప్పెడంతా ఒకేచోట పడుతోంది. మిమీ జబ్బు ముదిరిపోయింది, నా చలిగదిలో ఉంటే బతకదు అని రొడాల్ఫో స్నేహితుడితో వాపోతుంటే, ఆమె చెట్టుచాటున అంతా విని, దగ్గూ ఏడుపూ ఆగక దొరికిపోవాలి.

ఆ దగ్గు ముందు నాకొచ్చింది. ఆపుకున్నాను, కళ్లనీళ్లు తిరిగాయి, మా ఆవిడ తన శాలువా కొస నా నోట్లో కుక్కబోయింది, అంతలోనే ఖళ్లుమంది. పాట మధ్యలో ఉన్న రొడాల్ఫో ఉలిక్కిపడి గిరుక్కున చెట్టువైపు తిరిగాడు. మేం ఓ పక్కగా కూర్చున్నాం కాబట్టి నాకు స్పష్టంగా కనిపించింది: చెట్టు వెనక మిమీ 'నేను కాదు' అన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది. కాసేపటికి ఆమె తన వంతు దగ్గు దగ్గింది గానీ, పాపం, నా దగ్గు ముందు అది ఏ మూలకీ రాలేదు. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

చివర్లో మిమీ ఎంత నిశ్శబ్దంగా పోతుందంటే, గదిలో ఉన్న రొడాల్ఫోకే అందరికంటే ఆఖర్న తెలుస్తుంది. సరిగ్గా ఆ నిశ్శబ్దంలో, పక్కసీటు పెద్దావిడ జాలిపడి ఇచ్చిన దగ్గుబిళ్ల కాగితం విప్పడం మొదలుపెట్టాను. చిటపట. సగంలో ఆపలేను, పూర్తిగా విప్పలేను. మా ఆవిడ అప్పటికే తన కుర్చీలో ఆ చివరకి జరిగి, నాకేమీ కానట్టు కూర్చుంది.

ఆట అయ్యాక నటులంతా వరండాలో నిలబడి చేతులు కలుపుతున్నారు. తప్పించుకుందామంటే దారి అదొక్కటే. మెడకి మఫ్లర్‌తోనే ఉన్న రొడాల్ఫో నా చెయ్యి పట్టుకున్నాడు, నేను బాగా పాడారండీ అనబోయి దగ్గాను. ఆయన అలవాటుగా మిమీ కోసం వెనక్కి తిరిగాడు.