కట్లపాము కాటు: ఇంజెక్షన్ సగం వైద్యమే

కట్లపాముల ప్రజాతికి శాస్త్రంలో ఉన్న పేరు బంగారస్. అది మన 'బంగారు పాము'కు లాటిన్ వేషం. విశాఖపట్నంలో పనిచేసిన స్కాట్లాండ్ వైద్యుడు ప్యాట్రిక్ రస్సెల్ 1796లో ఈ తీరపు పాముల మీద రాస్తూ, పసుపు నలుపు పట్టీల పాముకు తెలుగువాళ్ల పేరే ఉంచాడు. 1803లో ఫ్రెంచి జీవశాస్త్రవేత్త దోదాన్ దాన్నే ప్రజాతి పేరు చేశాడు.

ఈ ప్రజాతి అండమాన్, శ్రీలంక, జావా, తైవాన్ దాకా ఉంది. కృష్ణా, గుంటూరు పొలాల్లో తిరిగేది బంగారస్ సెరూలియస్. ఏ రకమైనా విషం కొట్టేది నరాల మీదే. 1963లో తైవాన్‌లో చాంగ్, లీ అక్కడి కట్లపాము విషం నుంచి బంగారోటాక్సిన్లు అనే నరాల విషాలు వేరుచేశారు. ఆల్ఫా రకం నరం పంపే కబురును కండరం అందుకోకుండా అడ్డుపడుతుంది. బీటా రకం ఇంకా మొండిది, నరం కొసనే పాడుచేస్తుంది. ఆ కొస మళ్లీ చిగురించడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. పాము విషానికి విరుగుడుగా ఇచ్చే ఇంజెక్షన్ యాంటీవీనమ్ రక్తంలో తిరిగే విషాన్ని పట్టగలదు కానీ చెడిపోయిన నరాన్ని బాగుచెయ్యలేదు. అయినా వానాకాలం రాగానే మనవాళ్లు అడిగేది ఒక్కటే: పీహెచ్‌సీలో ఎన్ని వయల్స్ ఉన్నాయి? నరం కోలుకునేదాకా ఊపిరి నిలబెట్టే వెంటిలేటర్ ఎంత దూరంలో ఉందన్నది కూడా అంతే గట్టిగా అడగాలి.

ఈ కాటుతో అసలు చిక్కు అది తెలియకపోవడం. కోరలు చిన్నవి, వాపు, నొప్పి ఉండవు, గాటు కూడా కనిపించకపోవచ్చు. పాము తిరిగేది రాత్రిపూట. మిర్చి కల్లాల దగ్గర కావలి పడుకునేవాళ్లు, ఇంట్లో నేల మీద చాప వేసుకునేవాళ్లు నిద్రలోనే కాటు తింటారు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు. అజీర్తి అనుకుని సోడా తాగిస్తారు. ఆ తర్వాత కనురెప్పలు వాలతాయి, మాట ముద్దగా వస్తుంది, గుటక పడదు. రక్తపింజరకు చేసే ఇరవై నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్ష ఇక్కడ మామూలుగానే వస్తుంది. అది చూసి 'విషం లేదు' అని పంపేస్తే ప్రాణం మీదికే.

నరాల లక్షణాలు కనిపిస్తే యాంటీవీనమ్ 10 వయల్స్ సెలైన్‌లో కలిపి గంటలో ఎక్కించాలి. రియాక్షన్ వస్తే తొడకు ఇవ్వడానికి అడ్రినలిన్ సిరంజిలో సిద్ధంగా ఉండాలి. నాగుపాము కాటుకు బాగా పనిచేసే నియోస్టిగ్మిన్ అనే మందును కట్లపాము విషయంలో అంతగా నమ్ముకోలేం. రోగి ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెలు లెక్కపెట్టగలడో, దిండు మీంచి తల ఎత్తగలడో లేదో మళ్లీ మళ్లీ చూడాలి. లెక్క తగ్గుతోందంటే ఊపిరి జారుతున్నట్టే. దివిసీమ నుంచి విజయవాడకు గంటకు పైగా దారి. అంబులెన్స్‌లో చేత్తో నొక్కి ఊపిరి అందించే ఆంబూ బ్యాగు, అది నొక్కడం తెలిసిన మనిషి లేకుండా బయల్దేరకూడదు.

దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుంటే ఈ కాట్లలో చాలా వాటిని ఆపొచ్చు. దానికి ప్రచారం ఎందుకు లేదో అర్థం కాదు.

అన్నిటికన్నా ఘోరమైన పొరపాటు వార్డులోనే జరగొచ్చు. పక్షవాతం ముదిరితే కంటిపాపలు విచ్చుకుని కదలకుండా ఉండిపోతాయి, పిలిచినా గిల్లినా కదలిక ఉండదు, అచ్చం బ్రెయిన్‌డెడ్ లాగే. అలాంటివాళ్లు వెంటిలేటర్ మీద కొన్ని రోజులు ఉండి లేచి నడిచి ఇంటికి వెళ్లిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. ఆ మనిషి వేలు కదపలేడు, రెప్ప ఎత్తలేడు. మంచం పక్కన బంధువులతో అనే మాటలు మాత్రం అతనికి వినిపిస్తూ ఉండొచ్చు.