గడి దొరవారి సముఖానికి, చెప్పులు చేతిల పట్టుకొని రాసుకునే అర్జీ

అయ్యా గడి దొరవారూ,

దండం. మొన్న ఆదివారం నేనూ మా పెద్దనాయనా నల్లగొండ నుంచి పనిగట్టుకొని తమరి దర్శనానికి వచ్చినం. దొరలుండి పోయిన కోటంత పాత ఇల్లు తమరు, ఇప్పుడు తమరి లోపల కళాకారుల స్టూడియోలు పెట్టిన్రు, చూడాలె అని అందరూ అంటుంటే. మీకు యాదికుండదు గాని, మన రెండిండ్ల నడుమ పాత లెక్కలున్నయ్. మా తాత మీ దొరసానికి చీరెలు నేసిచ్చేటోడు. పైసల ముచ్చట ఎన్నడూ రాలే. వెట్టికి బిల్లుండదు గద.

దర్వాజ కాడ బోర్డు చూస్తే నవ్వొచ్చింది. ‘దయచేసి పాదరక్షలు బయటే విడవండి.’ అండ్ల ‘దయచేసి’ ఒక్కటే కొత్తది. మా తాత తమరి ముంగట నుంచి పోవాలంటే చెప్పులు చేతికి తీసుకునేటోడు. అప్పుడు బోర్డు లేదు, పని పడలే. సాయుధ పోరాటం వచ్చింది, 1949ల జాగీర్లు రద్దయినయ్, దొరలు పట్నం పోయిన్రు. చెప్పుల కానూను మాత్రం గబ్బిలాలతోటి లోపల్నే ఉండిపోయినట్టుంది.

సెక్యూరిటీ పిలగాడు పెద్దనాయన చెప్పులు అందుకొని 47 నంబరు ప్లాస్టిక్ టోకెన్ చేతిల పెట్టిండు. ఎందుకు బిడ్డా అంటే, ‘గచ్చుకు గీతలు పడ్తయ్ తాతా’ అన్నడు. పాపం, వాని తప్పేమున్నది.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలె. మరమ్మతు చేసిన మేస్త్రీలు ఎవరో గాని చేతులకు మొక్కాలె. డంగుసున్నంల కరక్కాయ నీళ్లు, బెల్లం పోసి రుబ్బి, గోడను ఎంత నున్నగ తోమిన్రంటే, మే నెల ఎండల అరచెయ్యి ఆనిస్తే రంజను ఆనించినట్టు సల్లగున్నది. పెద్దనాయన చెయ్యి తియ్యకుంట చానాసేపు నిలబడ్డడు. స్విచ్ బోర్డు పక్కన మాత్రం ఎవరికో తొందరైంది, సిమెంటు మెత్తిన్రు. సున్నం ఊపిరి తీసుకుంటది, సిమెంటు దాని ముక్కు మూసింది. లోపలి చెమ్మ బయటికి రాలేక తెల్లగ ఉప్పు పొంగి పొట్టు రాలుతున్నది. ఆ జాగ కనబడకుంట ఎద్దులబండి బొమ్మ తగిలేసిన్రు. ధర అడిగి, గప్‌చిప్‌గ ముందుకు జరిగినం.

ఇగ మగ్గం ముచ్చట. తమరి వడ్ల కొట్టునే ‘నేతన్న స్టూడియో’ చేసిన్రు. లోపల కూసున్నాయన నలభై ఏండ్లు గుంట మగ్గం మీద చేసినోడు. గచ్చు తవ్వొద్దన్నరని ఇక్కడ స్టాండు మగ్గం ఎక్కించిన్రు. మేం కాళ్లు గుంటల ఊకనే పెట్టుకోలే దొరా. భూమి తడి పోగుకు అందుతది, పోగు తెగదు. ఇక్కడేమో ఏసీ. పది నిమిషాలల్ల మూడు పోగులు తెగినయ్. తెగినప్పుడల్ల ఆయన వంగి, రెండు కొసలు వేళ్ల నడుమ నులిమి అతికిస్తుంటే చుట్టూ ఫోన్లు లేసినయ్. ‘అబ్బ, ఎంత ఓపికో!’ అన్నది ఒకామె. ఓపిక కాదమ్మా, ఏసీ.

పక్కన ఒకామె ఆసు పోస్తున్నది, అంటే నేతకు ముందు పోగును మేకుల చుట్టూ తిప్పుతున్నది. ఒక్క చీరెకు దగ్గర దగ్గర 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలె. తల్లి భుజం నొప్పి చూడలేకనే గద, ఆలేరు దిక్కు శారాజీపేటల చింతకింది మల్లేశం ఆసు మిషిన్ కనిపెట్టింది! దానికే 2017ల పద్మశ్రీ వచ్చింది. ఈమె ఇంట్ల కూడ ఆ మిషిన్ ఉన్నదట. ఇక్కడికి తేవద్దన్నరట, పాతకాలపు అందం చెడిపోతదని. అందుకే ఆరు రోజులు ఇంటికాడ మిషిన్ పోస్తది, ఏడో రోజు మా కోసం భుజం నొప్పి పోసుకుంటది.

‘రోజుకెంత ఇస్తరు బిడ్డా?’ అన్నడు పెద్దనాయన.

‘ఏమియ్యరు పెద్దయ్యా. చీరె అమ్ముడుపోతే పైసలు మాకే. జాగకు కిరాయి లేదు.’

పెద్దనాయన నా దిక్కు చూసిండు. నేను కొట్టు దూలాలు లెక్కపెట్టుకుంట నిలబడ్డ.

తమరి చుట్టాలు పాలమూరు దిక్కు ఉన్నరు, వాళ్లనొకసారి అడగరాదుండ్రి. వనపర్తి రాజావారి ప్యాలెస్‌ల 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తున్నది. గద్వాల కోటల డిగ్రీ కాలేజీ పెట్టిన్రు. ఎన్ని తరాల పిలగాండ్లో చెప్పులేసుకొని టపటప తిరుగుకుంట చదువుకున్నరు. గీతలు పడే ఉంటయ్. రాజులెవరూ లేసి వచ్చి అడగలే.

పోయేటప్పుడు సందర్శకుల పుస్తకం ముంగట పెట్టిన్రు. పెద్దనాయన అద్దాలు సదురుకొని, ‘సున్నం మంచిగున్నది’ అని రాసి సంతకం పెట్టిండు. తర్వాత చెప్పులు అడిగి తెచ్చుకున్నడు. బయటికి పోలే. దర్వాజ లోపలి దిక్కే, గడప మీద కూసొని, ఒకటెన్క ఒకటి నిమ్మళంగ తొడుక్కున్నడు. వాకిట్ల రెండడుగులు ఎన్కకు నడిచి, మళ్లీ తిరిగొచ్చి గడప దాటిండు. పిలగాడు ఏదో అనబోయి ఊకున్నడు. ఆ ఊకునుడుల టోకెన్ అడుగుడు మర్చిండు.

అది ఇప్పటికీ పెద్దనాయన అంగీ జేబులనే ఉన్నది. కావాల్నంటే పాత పద్ధతిలనే మనిషిని పంపుండ్రి.

ఇట్లు,
తమరి కాడ చీరెల పైసలు రావాల్సినోని మనుమడు