ఏరు దాటాక బోడి మల్లన్న

వైజాగ్ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కుర్సురా సబ్‌మెరైన్ చూసి దిగిన ప్రతిసారీ నాకు కాన్‌బెర్రా అనే ఓడ గుర్తొచ్చి ఒళ్లు మండుతుంది.

చాలామంది పేరు కూడా విని ఉండరు. టైటానిక్‌ని కట్టిన బెల్‌ఫాస్ట్ యార్డులోనే కట్టిన ప్రయాణికుల ఓడ. 1961 నుంచి ఇంగ్లండ్, ఆస్ట్రేలియా మధ్య ఒక్కో ట్రిప్పుకి రెండు వేలమందిని మోసేది. తర్వాత జనం విమానాలెక్కడంతో ఆ బేరం పోయింది, 1974 నుంచి విహారయాత్రలకి తిప్పారు.

1982 ఏప్రిల్‌లో అర్జెంటీనా, దక్షిణ అట్లాంటిక్‌లో బ్రిటన్ చేతిలో ఉన్న ఫాక్‌లాండ్ దీవుల్ని పట్టుకుంది. అప్పుడు ఈ ఓడ టూరిస్టులతో ఇంటికొస్తోంది, బ్రిటిష్ ప్రభుత్వం దారిలోనే 'అది మాకు కావాలి' అనేసింది. 7న సౌతాంప్టన్ చేరింది, 9న సైనికులతో బయల్దేరింది! ఆ రెండు రోజుల్లోనే ఈతకొలను మీద ఇనుముతో కప్పేసి హెలికాప్టర్లు దిగే చోటు కట్టారు. డ్యాన్స్ హాలు ఆస్పత్రి అయింది. ఓడ నడిపేవాళ్లు, వంటవాళ్లు మాత్రం మామూలు కంపెనీ ఉద్యోగులే.

మే 21న ఆ దీవుల్లోని శాన్ కార్లోస్‌లో బ్రిటిష్ సైన్యం దిగుతుంటే పైనుంచి బాంబులు. చుట్టూ బూడిదరంగు యుద్ధనౌకలు, మధ్యలో పెళ్లిబస్సులా తెల్లగా మెరుస్తూ ఇది. సైనికులు దీన్ని 'తెల్ల తిమింగలం' అనేవాళ్లు. ఆరోజు దెబ్బతిన్న ఆర్డెంట్ అనే యుద్ధనౌక నుంచి బతికి బయటపడ్డవాళ్లని ఇదే ఎక్కించుకుంది. దీనికి మాత్రం ఒక్క బాంబూ తగల్లేదు. నాకు అన్నిటికంటే నచ్చేది ఆ తర్వాత చేసిన పని: 4 వేలకు పైగా అర్జెంటీనా ఖైదీల్ని వాళ్ల దేశంలోనే, ప్యూర్టో మాద్రిన్‌లో, దించి వచ్చింది.

జులై 11న తుప్పుచారలతో తిరిగొస్తే రేవంతా జనం, బ్యాండు మేళం. రంగులేసి సెప్టెంబరుకల్లా మళ్లీ టూరిస్టుల్ని ఎక్కించారు. ఇంకో పదిహేనేళ్లు చాకిరీ చేయించుకుని 1997లో పాకిస్థాన్‌లోని గడానీ ఒడ్డుకి తోలేశారు, తుక్కు కింద. ఓడ అడుగుభాగం నీళ్లలోకి బాగా లోతుగా ఉండటంతో ఒడ్డుమీదికి సరిగ్గా ఎక్కక, దాన్ని విరగ్గొట్టడానికి దాదాపు ఏడాది పట్టింది.

అదే యార్డులో పుట్టిన హెచ్ఎంఎస్ బెల్‌ఫాస్ట్ అనే యుద్ధనౌక మాత్రం లండన్‌లో థేమ్స్ మీద దర్జాగా మ్యూజియమై కూర్చుంది. ఎందుకంటే దానికి పుట్టుకతోనే తుపాకులున్నాయి, అంతే!

ఓడల్ని దాచడం ఖర్చని నాకూ తెలుసు. అమెరికాలోని లాంగ్‌బీచ్‌లో హోటలైన పాత ప్రయాణికుల ఓడ క్వీన్ మేరీ రిపేర్లకి ఎంత డబ్బు కావాలో అని ఏళ్ల తరబడి గొడవ నడిచింది. సరే, మొత్తం ఓడ వద్దు, ఒక ముక్కైనా దాచాల్సింది. కానీ 'అది కంపెనీ ఆస్తి, కంపెనీ ఇష్టం' అనే సమాధానం మాత్రం నా దగ్గర చెప్పకండి. 1982 ఏప్రిల్‌లో ఆ మాట ఎవరికీ గుర్తురాలేదు కదా?