వడియాల మీద హెలికాప్టర్

మా వాడి తొమ్మిదో పుట్టినరోజుకని కోఠీలో ఒక రిమోట్ హెలికాప్టర్ కొన్నాను. వాడికోసమే అని ఇంట్లో చెప్పాను కానీ, చిన్నప్పుడు విమానం చప్పుడు వినబడితే చాలు అన్నం కంచం వదిలేసి వాకిట్లోకి పరిగెత్తినవాణ్ణి, రిమోట్ చేతికొచ్చాక పెట్టె విప్పే భాగ్యం కూడా వాడికి దక్కనివ్వలేదు. వాడు పాపం పెట్టెలో మిగిలిన సూచనల కాగితం తీసుకుని ఓ మూల కూర్చున్నాడు.

"నాన్నా, ఫ్యాన్ ఆపాలంట."

"గాలి లేకుండా ఎలా ఎగురుతుందిరా?" అన్నాను. నేను ఇంజనీరింగ్ చదివాను మరి.

రిమోట్ మీది ఎడమ పుల్ల పైకి తోయగానే జుయ్యిమని లేచింది. లేచి, ముందుకెళ్లకుండా తన చుట్టూ తాను గుడి ప్రదక్షిణలు మొదలుపెట్టింది. దానికి ట్రిమ్ అని చిన్న గుండీ ఒకటి ఉంటుందని, దాన్ని కొంచెం కొంచెం తిప్పి సరిచేసుకోవాలని తర్వాత తెలిసింది. అప్పటికి నేను పుల్ల ఇంకా పైకి తోశాను, అది సీలింగ్ ఫ్యాన్‌కి నమస్కారం పెట్టి, ఒక్క తాపుకి సోఫా వెనక పడింది. పడ్డాక కూడా నేను పుల్ల వదల్లేదు, అదేదో పట్టుదల.

"దించెయ్ నాన్నా! రెక్కలు ఇరుక్కున్నప్పుడు తిప్పితే మోటార్ కాలిపోద్ది!"

తీసి చూస్తే రెక్కల కింద ఇరుసుకి మా ఆవిడ తలవెంట్రుక ఒకటి, మూరెడు పొడుగున్నది, కుట్టుమిషన్ దారంలా చుట్టుకుని ఉంది. సూదితో లాగుతూ పావుగంట కూర్చున్నాను. వంటింట్లోంచి మా ఆవిడ, "అదే నా తలకి చుట్టుకునుంటే ఏమయ్యేదండీ?" అంది. జవాబు చెప్పే ప్రశ్న కాదది.

ఇక బ్యాటరీ. అర్ధగంట పైగా చార్జింగ్, ఎగిరేది ఆరేడు నిమిషాలు. నాకంత ఓపికెక్కడిది? వేడిగా ఉండగానే నా ఫోన్ ఫాస్ట్ చార్జర్‌కి తగిలించబోతే వాడు వైరు లాక్కున్నాడు. చల్లారాకే పెట్టాలంట, దాంతో వచ్చిన వైరే వాడాలంట, పెట్టి నిద్రపోకూడదంట, లిథియం బ్యాటరీ ఉబ్బితే ఇక దాన్ని వాడకూడదంట. మా నాన్న కూడా నన్నింత క్రమశిక్షణలో పెట్టలేదు.

ఆదివారం పొద్దున పదింటికి డాబా ఎక్కాం. మే నెల ఎండ. అక్కడ మూడో అంతస్తు అమ్మమ్మగారు పాత చీర పరిచి గుమ్మడి వడియాలు పెట్టి, కాకుల్ని తోలడానికి కర్ర పట్టుకుని నీళ్ల ట్యాంకు నీడలో కూర్చున్నారు.

"నాన్నా, ఇది ఇన్‌ఫ్రారెడ్ రిమోట్. ఎండలో పనిచేయదని..."

టీవీ రిమోట్ లాంటిదే అన్నమాట, ఎండ పడితే బొమ్మకి మన మాట వినబడదు. వాడు వాక్యం పూర్తి చేసేలోపే అది ట్యాంకు నీడలోంచి లేచి, ఎండలోకి వెళ్లి, ఉన్నట్టుండి నోరు మూసుకుని, నేరుగా వడియాల మధ్యలో కూలింది. నేను కంగారులో పుల్ల పైకే తోస్తున్నానని వేరే చెప్పాలా? దగ్గరికి పరిగెత్తగానే నా నీడ దానిమీద పడింది, సిగ్నల్ అందింది, రెక్కలు మళ్లీ తిరిగాయి. పచ్చి పిండి నా చొక్కా మీదా, అమ్మమ్మగారి కళ్లద్దాల మీదా పడింది.

"కాకులకని కర్ర పట్టుకుంటి గానీ బిడ్డా, గీ పిట్ట వస్తదని ఎవరు జెప్పలే" అన్నారావిడ, అద్దాలు కొంగుతో తుడుచుకుంటూ.

సాయంత్రమంతా పాత టూత్‌బ్రష్‌తో పళ్లచక్రాల్లోంచి పిండి తీశాం. పైనున్న రెండు వరసల రెక్కలు బాగానే ఉన్నాయి, తోక చివరి బుల్లి ఫ్యాన్ మాత్రం కనబడలేదు. రెండు వరసలూ ఎదురెదురుగా తిరుగుతాయి కాబట్టి అది లేకపోయినా ఎగురుతుంది, కాకపోతే ముందుకీ వెనక్కీ పోదు. పైకెళ్లడం, కిందికి రావడం, మా అపార్ట్‌మెంట్ లిఫ్టులాగ. కరెంటు ఉన్నప్పటి సంగతి చెప్తున్నాను.

వారం తర్వాత అమ్మమ్మగారు డబ్బాడు వడియాలు పంపించారు. మా ఆవిడ మూకుట్లో నూనె కాగబెట్టి, ఒకటి చేతిలోకి తీసుకుని అలాగే ఆగిపోయింది. వడియం మధ్యలో, నిలువునా ఎండిపోయి, నల్లటి బుల్లి ఫ్యాన్.

మా వాడు దాన్ని రెండు వేళ్లతో అందుకుని, వెలుతురుకి పెట్టి చూసి, సూచనల కాగితం తెచ్చుకున్నాడు.

"నాన్నా, నానబెట్టాలా, గీకాలా? ఇందులో రాయలేదు."