చి.ల.సౌ. మా బాల్కనీ స్టీలు రెయిలింగ్‌కి

ఆశీర్వదించి రాయునదేమనగా, ఇక్కడ మేమంతా క్షేమం, నువ్వు మాత్రం క్షేమంగా లేవని రోజూ పొద్దున కాఫీ తాగుతూ చూస్తూనే ఉన్నా.

వైజాగ్‌లో సముద్రం కనిపించే ఫ్లాటు, ఉప్పుగాలికి ఇనుము ఆగదు స్టీలే పెట్టించండి అని అందరూ అంటే మామూలు గ్రిల్లుకి డబుల్ రేటు పోసి నిన్ను తెచ్చుకున్నాం. వెల్డింగ్ మేస్త్రి జేబులోంచి అయస్కాంతం తీసి నీ ఒంటికి ఆనించి "చూశారా సార్, అంటుకోట్లేదు, పక్కా 304 గ్రేడు స్టీలు" అన్నాడు, నేను తలూపా. నికెల్ తగ్గించి మాంగనీస్ కలిపే 202కి కూడా అయస్కాంతం అంటుకోదని, సముద్రం పక్కన అసలు మాలిబ్డినం ఉండే 316 వాడాలని నాకు తెలిసేసరికి నీకు మొదటి వానాకాలం దాటిపోయింది.

సరే, కులగోత్రాలు వదిలేద్దాం. కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటేగానీ స్టెయిన్‌లెస్ అని పిలిపించుకోలేవు కదా, ఆ క్రోమియమే గాలి తగలగానే ఆక్సైడ్ పొర కడుతుంది, మందం 2-3 నానోమీటర్లు, అంటే వెంట్రుకని 20 వేల పొరలుగా చీలిస్తే ఒక్క పొరంత. నీ పరువంతా అందులోనే ఉంది. గీత పడ్డా మళ్ళీ అదే కట్టుకుంటుంది, కాకపోతే ఒళ్ళు శుభ్రంగా ఉండాలి. నీ ఒళ్ళు చూస్తే... పక్కింటి ఇనప గ్రిల్లు రుద్దిన గ్రైండింగ్ వీలుతోనే నీ వెల్డింగులూ రుద్దాడు, ఆ ఇనప రజనంతా నీలో దిగబడి తుప్పు పడుతోంది. జాయింట్ల దగ్గర నీలం, బంగారం రంగులు తేలితే డిజైన్ అనుకుని ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో కూడా పెట్టా. అది కాలిన మచ్చంట, దాని కింద క్రోమియం తగ్గిపోయి ఉంటుందంట.

పీటలెక్కే ముందు పిల్లకి నలుగు పెట్టి మంగళస్నానం చేయిస్తాం కదా, నీకూ అదే పద్ధతి. వెల్డింగుల మీద ఆ కాలిన మచ్చని తినేసే పిక్లింగ్ పేస్టు పూసి కాసేపుంచి కడగాలి (అందులో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉంటుంది, ఇంట్లో మనం చేసే పని కాదులే), తర్వాత నైట్రిక్ గానీ సిట్రిక్ గానీ పట్టించి పాసివేషన్ చేయాలి. అదేం కొత్త పూత కాదు, పైన అంటుకున్న ఇనుముని కరిగించి పారేస్తుంది, మిగతాది నీ క్రోమియం చూసుకుంటుంది. సిట్రిక్ అంటే పాలు విరగ్గొట్టే నిమ్మఉప్పే! దానికి కూడా నోచుకోలేదు నువ్వు. స్నానం ఎగ్గొట్టి, బఫింగ్ కొట్టి, మొహానికి పౌడరు రాసి తెచ్చి నిలబెట్టాడు.

మేమూ తక్కువేం తిన్లేదు. మచ్చలు పోతాయని మా ఆవిడ బాత్రూం యాసిడ్‌తో తుడిచింది (తెచ్చిచ్చింది నేనే), యాసిడ్ యాసిడ్ ఒకటే అనుకున్నాం, అదేమో హైడ్రోక్లోరిక్, ఉప్పుగాలి మెల్లగా చేసే పని ఒక్క మధ్యాహ్నంలో చేసి పెట్టింది.

నిన్న మేస్త్రికి ఫోన్ చేశా. "దాన్దేముంది సార్, సిల్వర్ పెయింట్ కొట్టేద్దాం, కొత్తదాన్లా ఉంటాది" అన్నాడు. స్టీలుకి స్టీలు రంగు! ఆదివారం వస్తాడంట, డబ్బా, బ్రష్షు మనమే కొనిపెట్టాలంట.

ఇట్లు,
నీ మీద ఆరేసిన తెల్లచొక్కాకి తుప్పు చారలతో ఆఫీసుకెళ్ళిన నీ ఓనరు