ఫ్రీ అంటే లేదని అర్థం

జనానికి అర్థమయ్యే భాషలో రాయండయ్యా అని గిడుగు వెంకట రామమూర్తి గారు ఉత్తరాంధ్ర గడ్డ మీంచి జీవితమంతా పోరాడారు. కృతజ్ఞతగా ఏటా ఆగస్టు 29న దండలు వేస్తున్నాం. ఆయన సాధించినదాన్ని ఏసీ కంపెనీలు నాలుగు వేసవుల్లో వెనక్కి లాగేశాయి. విశాఖ డాబా గార్డెన్స్ ఏసీ షోరూముల్లో ఇప్పుడు నడుస్తున్నది నవీన గ్రాంథికం. పాత గ్రాంథికానికి కనీసం నిఘంటువుండేది.

ఇన్వర్టర్ అనే మాటే తీసుకోండి. విశాఖలో ఆ మాటకు అర్థం చెప్పక్కర్లేదు. మెట్ల కింద బ్యాటరీ పక్కన కూర్చుని, కరెంటు పోగానే ఫ్యాను తిప్పేది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టాక రోజుల తరబడి చీకట్లో గడిపిన ఊరిది. ఇక్కడ ఆ మాటకున్న విలువ వేరు. అలాంటి ఊళ్లో, ఎంవీపీ కాలనీ నుంచి ఒక రిటైర్డ్ మాస్టారూ ఆయన భార్యా షోరూముకి వచ్చారనుకోండి.

"ఇది ఇన్వర్టర్ ఏసీ అండీ."

"బేటరీ ఎక్కడెడతారు బాబూ?"

"దీనికి బేటరీ అక్కర్లేదాంటీ. స్టెబిలైజర్ కూడా ఫ్రీ."

ఆవిడ మాస్టారి వైపు ఓ చూపు చూస్తుంది. ఇన్వర్టర్ కలిసొచ్చింది, బ్యాటరీ ఖర్చు తప్పింది, పైగా స్టెబిలైజర్ ఉచితం. ఇంతకాలం ఈయన కొననిచ్చాడు కాదు.

"వారంటీ ఏటి?"

"పదేళ్లండి."

"మరి కరెంటు పోతే ఎంతసేపు వస్తాది?"

కుర్రాడు ఒక్క క్షణం తడబడతాడు. శిక్షణలో ఈ ప్రశ్న లేదు. "ఏఐ ఉందాంటీ. మొత్తం అదే చూసుకుంటాది."

కుర్రాణ్ణి అని లాభం లేదు, అతనికి నేర్పిందే అంత. ఏసీలో ఇన్వర్టరంటే ఒక బోర్డు. గోడలోంచి వచ్చే 50 హెర్ట్జ్ కరెంటును ముందు డీసీ చేసి, మళ్లీ కావలసిన ఫ్రీక్వెన్సీకి మార్చి, కంప్రెసర్ వేగాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. మీట నొక్కినట్టు ఆగిపోయి మళ్లీ మొదలవకుండా నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి బిల్లు తగ్గుతుంది. మంచి పరికరమే. కరెంటు పోతే మాత్రం గోడకున్న క్యాలెండరుకీ దీనికీ తేడా లేదు. ఇంట్లో ఉండే 900 వీఏ ఇన్వర్టరుకి తగిలిద్దామా అంటే, టన్నున్నర ఏసీ ఫుల్లుగా తిరిగేటప్పుడు 1500 వాట్ల దాకా లాగుతుంది. ఓవర్‌లోడై అది కూతపెట్టి పడుకుంటుంది.

స్టెబిలైజర్ ఫ్రీ అంటే ఉచితంగా ఇస్తారని కాదు, అసలు ఇవ్వరని. పెట్టె మీద రాసిన వోల్టేజీ హద్దుల్లో కరెంటు వస్తున్నంతవరకే దాని అవసరం లేదు. హద్దు దాటితే పోయేది ఆ బోర్డే. పదేళ్ల వారంటీ మామూలుగా కంప్రెసర్ ఒక్కదానికే. బోర్డుకెన్నాళ్లో, కాయిల్‌కెన్నాళ్లో కార్డు తిరగేసి విడిగా చూడాలి.

ఏఐ సంగతా? ఇండోర్ యూనిట్ ఫిల్టరు వెనక మిరియం గింజంత థర్మిస్టరుంటుంది. గది వేడిని బట్టి దాని రెసిస్టెన్స్ మారుతుంది, బోర్డు అది చూసి వేగం మారుస్తుంది. నిన్నటిదాకా దాన్ని సెన్సర్ అనేవారు. ఇప్పుడు మళ్లీ బారసాల చేశారు. అలవాట్లు నిజంగా గమనించే మోడళ్లూ లేకపోలేదు, కానీ ఏది ఏదో స్టిక్కరును బట్టి చెప్పడం బ్రహ్మతరం కాదు.

షోరూములో మనిషి భాషలో ఉన్నది స్టార్ లేబుల్ ఒక్కటే. టన్నంటే 3517 వాట్ల చల్లదనం (లాగే కరెంటు లెక్క వేరు), టన్నున్నరకి 5275 రావాలి. లేబుల్ మీద కూలింగ్ కెపాసిటీ గడి చదవండి. 5000 కూడా లేని టన్నున్నరలు కనిపిస్తాయి. మిగతా వాట్లు 'టర్బో'లో ఉన్నాయి కాబోలు. అక్కడ రాసిన యూనిట్లు ఏడాదికి 1600 గంటల లెక్క. దసరా దాకా చెమటలు కక్కే మనం పైన వేసుకోవాలి.

ఇక బ్లూ ఫిన్, గోల్డ్ ఫిన్. అవి అల్యూమినియం రేకుల మీద పల్చటి పూత. ఆ రేకులు రాగి గొట్టాన్ని అంటుకునే చోట ఉప్పుతేమ చేరితే అల్యూమినియం తినేసుకుపోయి పొడిపొడిగా రాలుతుంది. బీచ్ రోడ్డు వైపు బాల్కనీల్లో అవుట్‌డోర్ యూనిట్లను వేలితో గీకి చూడండి. నెలకోసారి మంచినీళ్లు సన్నధారగా పోసి ఉప్పు కడిగితే చాలాకాలం బతుకుతుంది. ఈ ముక్క చెప్పేవాడు ఒక్కడుండడు. 'ఓషన్ ప్రొటెక్షన్' తరహా పేరు పెట్టి రెండు వేలు ఎక్కువ గుంజుతారు. రేకు రాలాక కార్డు తిప్పితే వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది: ఉప్పుగాలి వల్ల జరిగే నష్టం వారంటీలోకి రాదు! విశాఖలో సముద్రముందని అమ్మిన రోజున తెలీదా? పెన్షన్ డబ్బుతో ఈఎంఐ కట్టే మనిషికి ఈ మాట చెప్పడానికి సిగ్గుండక్కర్లేదా?

తర్వాత 'గ్యాస్ టాపప్' అని ఇంకొకడు వస్తాడు. గ్యాసేమన్నా ఫోను రీచార్జా, అయిపోవడానికి? మూసేసిన గొట్టంలో తిరిగేది తగ్గిందంటే కన్నముందని అర్థం. నైట్రోజన్ ఎక్కించి, సబ్బు నురగతో కన్నం పట్టుకుని, అతికించి, వాక్యూమ్ పంపుతో లాగి, యూనిట్ ప్లేటు మీదున్న గ్రాముల లెక్కన తూచి నింపాలి. అవేవీ చెయ్యకుండా నింపినది మళ్లీ వేసవికి ఉండదు. డబ్బు మాత్రం ప్రతిసారీ ఉండాలి. దీనికి తెలుగులో పాత మాటే ఉంది, దొంగతనం.

మాస్టారింటికి ఏసీ వచ్చింది. బిగించినవాళ్లు వెళ్లాక ఆవిడ థర్మోకోల్ ముక్కలన్నీ తీసి, అట్టపెట్టె బోర్లించి దులుపుతోంది, స్టెబిలైజర్ కోసం.