నార్మల్ రిపోర్టు అంటే జబ్బు లేదని కాదు

తిన్న గంటకే మెలిపెట్టే నొప్పి, ఉబ్బరం, చెప్పాపెట్టకుండా వచ్చే విరేచనాలు. రక్తపరీక్ష నార్మల్, స్కానింగ్ నార్మల్. కొలనోస్కోపీకి (పెద్దపేగులోకి కెమెరా పంపి చూసే పరీక్షకు) ఇంకా తేదీ దొరకలేదు. ఈ దశలో ఉన్నవాళ్లకు ఎక్కువగా వినబడే మాట "ఏమీ లేదు, టెన్షన్ తగ్గించుకోండి" అని. డాక్టర్లు ఈ మాట మానుకోవాలి.

ఒక పరీక్ష నార్మల్ వచ్చిందంటే, అది వెతికినది దానికి దొరకలేదని మాత్రమే. కెమెరాకు పేగు లోపలి పొర కనిపిస్తుంది. పేగు కదలిక ఎక్కడ గాడి తప్పిందో, నరాలు నొప్పిని ఎన్ని రెట్లు చేసి మోస్తున్నాయో కనిపించదు. ఇలాంటి పేగు జబ్బులను గుర్తించడానికి నిపుణులు 2016లో తెచ్చిన రోమ్-4 ప్రమాణాల ప్రకారం ఐబీఎస్ (పేగు పైకి బాగానే కనిపించినా పనితీరు గాడి తప్పే జబ్బు) అని తేల్చాలంటే బాధ మొదలై కనీసం 6 నెలలు కావాలి. చివరి 3 నెలల్లో సగటున వారానికి ఒక రోజైనా నొప్పి ఉండాలి. అంటే ఎదురుచూడటం నిర్ధారణలోనే భాగం. మరి అన్ని నెలలూ మనిషి ఎలా గడపాలో ఎవరు చెబుతున్నారు?

టెన్షన్ మీదికి నెట్టేయడం కొత్త కాదు. కడుపులో పుండ్లకు కూడా దశాబ్దాల పాటు ఆందోళననూ ఆమ్లాన్నీ తప్పుపట్టారు. ఆ పుండ్లలో చాలావాటికి అసలు కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. 1984లో ఆస్ట్రేలియా డాక్టర్ బారీ మార్షల్ దాన్ని తానే తాగి, కడుపులో వాపు తెచ్చుకుని చూపించారు. తోటి పరిశోధకుడు రాబిన్ వారెన్‌తో కలిపి ఆయనకు నోబెల్ ఇచ్చింది 2005లో. అన్నేళ్లూ "నీ స్వభావమే అంత" అనిపించుకున్నవాళ్లలో చాలామందికి కావలసింది నిజానికి యాంటీబయాటిక్స్.

మెదడుకూ పేగుకూ సంబంధం ఉంది, కాదనను. అందరికీ అన్ని స్కాన్‌లూ తీయడం కూడా తప్పే. కానీ ఆ సంబంధం నరాల ద్వారా, హార్మోన్ల ద్వారా ఒంట్లోనే నడుస్తోంది కదా. అది "ఏమీ లేదు" ఎలా అవుతుంది?

నేను ఎనిమిది నెలలు ఇలా గడిపాను. ఏ మీటింగ్‌కు వెళ్లినా తలుపు పక్క కుర్చీయే వెతుక్కునేవాణ్ని. మూడో డాక్టర్ "నొప్పి నిద్రలోంచి లేపుతోందా?" అని అడిగితే నాకు జవాబు తెలియలేదు. ఎప్పుడూ ఉంటుందనే తెలుసు. ఆ రోజు నుంచి పుస్తకంలో రాయడం మొదలుపెట్టాను: నొప్పి వేళ, తిన్నది, మలం తీరు, నిద్ర. మూడు వారాల్లో ఆ పుస్తకం నా ఫైలు కంటే ఎక్కువ చెప్పింది.

ఇంకో జాగ్రత్త. పరీక్షకు ముందే సొంతంగా గ్లూటెన్ (గోధుమల్లాంటి వాటిలో ఉండే ప్రోటీన్) మానేస్తే, ఆ గ్లూటెన్ వల్లే పేగు దెబ్బతినే సీలియాక్ వ్యాధి రక్తపరీక్షలో దొరక్కపోవచ్చు. ఒమెప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు వాడుతుంటే పైలోరీ శ్వాస పరీక్ష కూడా తప్పుగా నెగెటివ్ రావచ్చు. సాధారణంగా 2 వారాల ముందు ఆపమంటారు, అదీ డాక్టర్‌ను అడిగే. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, నిద్ర చెడగొట్టే నొప్పి, మింగలేకపోవడం ఉంటే మాత్రం అపాయింట్‌మెంట్ తేదీ కోసం ఆగొద్దు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది వేరే ఉంది. మన వ్యవస్థలన్నీ జబ్బు పేరు అడుగుతాయి. సెలవు ఫారం అడుగుతుంది, బీమా క్లెయిమ్ అడుగుతుంది, ఇంట్లోవాళ్లూ అడుగుతారు. పేరు లేకపోతే బాధ కూడా లేనట్టే చూస్తారు. "ఇంకా తెలియదు" అని రాసే గడి ఒక్కటైనా ఉంటే ఎంతమంది అబద్ధమాడకుండా, సిగ్గుపడకుండా ఒక పూట పడుకోగలిగేవారో!

ఆ మూడో డాక్టర్ చీటీ మీద జబ్బు పేరు రాయాల్సిన చోట "కడుపునొప్పి, కారణం ఇంకా తేలలేదు" అని రాశారు. కింద నాలుగు వారాల తర్వాతి తేదీ వేసి, ఏయే లక్షణాలు కనిపిస్తే అంతకంటే ముందే రావాలో కూడా రాసిచ్చారు. ఆ చీటీ పట్టుకెళ్లే నేను మొదటిసారి ఆఫీసులో సెలవు అడిగాను.